మిద్దె చేమిరి

ధర్మవరం తొగటవీధిలో అందరికీ ఎండంటే భయం. డాక్టర్ చౌడేశ్వరికి మాత్రం ఆ వేసవిలో నలుపంటే భయం పట్టుకుంది. అనంతపురంలో పొద్దున్నే ప్రయోగశాల తలుపు తీయడం, వీధి నుంచి వచ్చిన ఫొటోలు తెర మీద పెట్టుకోవడం, నిన్నటిదాకా తెల్లగా ఉన్న ఇంకో మిద్దె మాడిన అట్టులా నల్లబడి ఉండటం చూసి "అయ్యో నా తల్లీ" అని నెత్తి పట్టుకోవడం. ఇదీ ఆమె దినచర్య.

"ఏమ్మా, ఇంకోటి పోయిందా?" అన్నారు మస్తాన్ వలి గారు, టీ గ్లాసు ఊదుకుంటూ. ఆ పరిశోధన కేంద్రానికి ఆయనే పెద్ద. పెద్దరికమంతా మీసాల్లో ఉంటుంది గానీ మనిషి మెత్తన.

"కుళ్ళాయప్ప బావ వాళ్ళది సార్. వీధిలో మా అమ్మ మిద్దె తప్ప ఒక్కటీ బతకడంలేదు."

"మీ అమ్మ మిద్దె మీద రెండేళ్ళుగా నిక్షేపంలా ఉందే!"

"అదే కదా సార్ నన్ను కాల్చుకు తింటున్నది."

ఆమె కనిపెట్టిన ఆ వస్తువు పేరు చలవపొర. ఎడారి రాళ్ళ మీద బతికే సూక్ష్మజీవుల్ని పట్టి తెచ్చి, సున్నపు తేటలో అలవాటు చేసి, ఇంటి కప్పు మీద కాపురం పెట్టించింది. పగలంతా అది తెల్లగా ముడుచుకుని పడుకుని, మీద పడిన ఎండను వచ్చిన దారినే వెనక్కి పంపేస్తుంది. చీకటి పడితే మేలుకుంటుంది. గాలిలో ఉన్న కాస్త తేమనూ లాక్కుని, తెల్లవారేసరికి తూము కింద పెట్టిన బిందె నింపుతుంది. నిండగా పొర్లిన నీళ్ళు ఇంకుడు గుంతలోకి. ఇంత ఊడిగానికీ అది అడిగే కూలి వారానికోసారి కాసింత గంజి.

మొదట పూసింది సొంత తల్లి సుంకమ్మ మిద్దె మీదే. సుంకమ్మ ఊరికే ఒప్పుకుందనుకునేరు! మిద్దె మీద పడక పోయింది, మిరపకాయల ఎండబెట్టుడు పోయింది. "నీ చదువు మండిపోను, ఒడియాలు వీధి అరుగు మీద పెట్టుకుంటి, ఎవురిదో మేక వచ్చి ఉప్పు చాలలేదన్నట్టు మొహం పెట్టి మరీ తినిపోయె" అని ఫోన్లో ఏడాది పొడుగునా సాధించింది. అయితే రెండో వేసవికి ఆ ఇంట్లోకి అడుగుపెట్టిన వాళ్ళు మళ్ళీ బయటికి పోమంటే పోలేదు. మధ్యాహ్నం పూట వీధిలోని ఆడవాళ్ళంతా సుంకమ్మ నడవాలోనే. "మాకూ పెట్టించమ్మా ఆ మీగడ" అని వీధి వీధంతా అడిగింది.

ప్రయోగశాలలో పెంచిన పొర ఏసీ గదిలో పుట్టిన బిడ్డ, ధర్మవరం ఎండకు రెండు రోజులకే గుడ్లు తేలేసింది. రెండు వేసవులు కాచుకుని రాటుదేలింది సుంకమ్మ మిద్దె మీదిదే. అందుకని దాని నుంచే ఒక్కో గిన్నెడు గోకి ఇంటింటికీ ఇవ్వమని తల్లికి అప్పజెప్పింది. పాలలో వేసే మజ్జిగ చుక్కను ఆ పక్క చేమిరి అంటారు. ఈ గిన్నెడు గోకుడుకీ వీధిలో అదే పేరు పడింది, మిద్దె చేమిరి. గంజిలో కలిపి రాత్రి పూస్తే తెల్లారేసరికి మీగడ కట్టాలి. కట్టేది కూడా, మూలలు వదిలేసి నడుమ పల్చగా. ఆనక వారం తిరక్కుండా నల్లబడి చచ్చేది.

"రోహిణి కార్తె వారంలో వస్తుంది" అన్నారు వలి గారు. "అప్పటికి ఒక్క మిద్దె అయినా నిలవకపోతే నేను పైవాళ్ళకు ఏం చెప్పేది? నువ్వే పోయి కూర్చో అక్కడ. ఫొటోలు చూస్తే జబ్బు తెలుస్తుందా?"

ఆమె బ్యాగు సర్దుకుంది.

కుళ్ళాయప్ప ఇల్లు సుంకమ్మ ఇంటికి ఆనుకునే ఉంటుంది. చౌడేశ్వరి వెళ్ళేసరికి అతను మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని, తెగిన పోగులు ముడి వేసుకుంటూ, ఎవరినో కాదు పట్టుదారాన్నే తిడుతున్నాడు. ఎండకు గాలి పొడిబారితే పట్టు పోగు పుటుక్కుమంటుంది. తడి గోనెలు కట్టి గాలి చెమ్మగా ఉంచుకోవాలి. గోనెలు తడపడానికి నీళ్ళేవి?

"రా మరదలా, రా! నీ మందు పూసినాక మా మిద్దె నీ తలకాయ జుట్టు మాదిరి నిగనిగలాడతాండాది" అన్నాడు.

"జుట్టుకు రంగేసుకుంటా బావా. మిద్దెకు అది కుదరదు కదా" అంది చౌడేశ్వరి.

నవ్వేసి కుళ్ళాయప్ప మళ్ళీ పోగు మీద వంగాడు. అతని భార్య ఉలిగమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "బెంగుళూరులో వాచ్‌మెన్ పని ఉందంట చౌడీ. రోహిణిలో మధ్యాన్నం మగ్గం నడవకపోతే ఇంగ ఈడ యాల ఉండాలంటాడు. మాటలు నవ్వుతూనే అంటాడు. రాత్రి మాత్రం మగ్గం కాడికి పోయి ఊరికే కూచుంటాడు."

"నువ్వేమంటావు అక్కా?"

"ఆయప్ప పుట్టిందే ఆ గుంత పక్కన. యాడనో గేటు కాడ స్టూలేసుకుని కూచోమంటే ఆరు నెల్లకు పోతాడు." ఉలిగమ్మ కళ్ళు ఒత్తుకుంది. "నా మిద్దె తెల్లగా నిలబడితే ఆయప్ప నిలబడతాడు. ఏందన్నా చెయ్ తల్లీ."

చౌడేశ్వరి నల్లబడిన మిద్దెలన్నీ ఎక్కి దిగింది. గోకింది, వాసన చూసింది, చిన్న గాజు పలకల మీద పెట్టి చూసింది. ప్రతిచోటా ఒకటే తంతు. ఈ పొరలో ఉండేవి జంట జీవులు. పైన తెల్లగా కనిపించేది మొగుడనుకోండి. కాంక్రీటు సందుల్లో దాక్కుని ఉండేది పెళ్ళాం. వంటావార్పూ, ఎండకు గొడుగు పట్టడమూ అన్నీ ఆవిడే. నల్లబడిన ప్రతి మిద్దె మీదా మొగుడొక్కడే వచ్చాడు. పెళ్ళాం జాడ లేదు. ఒంటరి మగవాడి ఇల్లు ఎంతకాలం తెల్లగా ఉంటుంది?

"అక్కా, చేమిరి ఎట్లా తీసుకున్నావు?"

"మీయమ్మ ఇచ్చినట్లే తీసుకుంటి."

"సాయంత్రం చల్లబడినాకనే కదా?"

"మాపటికే ఇచ్చింది మీయమ్మ."

అందరూ అదే చెప్పారు. చౌడేశ్వరికి ఏమీ పాలుపోలేదు.

ఆ సాయంత్రం తల్లి దీపం వెలిగించి, దేవుడి గూటి ముందు నుంచి లేస్తూండగా వీధి చివరింటి ఆడమనిషి గుమ్మంలోకి వచ్చింది. "పెద్దమ్మా, పాలు కాచి పెట్టినా, చేమిరి లేదు. ఒక్క చుక్క..."

"అయ్యో, దీపాలు పెట్టేస్తిమి కదమ్మా!" అంది సుంకమ్మ. "పొద్దున్నే రా, గిన్నెడు ఇస్తా."

వచ్చినామె నాలుక్కరుచుకుని "నిజమే, మర్చిపోతి" అని వెళ్ళిపోయింది. చౌడేశ్వరి చేతిలో కాఫీ లోటా అక్కడే ఆగిపోయింది.

"అమ్మా! మిద్దె చేమిరి నువ్వు ఏ వేళకు ఇచ్చినావు?"

"ఏ వేళకేంది? దీపాలకు ముందు. ఎండ ఇంకా గోడ మీద ఉన్నప్పుడే."

"నేను చల్లబడినాక ఇవ్వమంటిని కదా!"

"చల్లబడాలంటే మొబ్బు పడాల, చీకటి కావాల. మొబ్బు పడితే దీపం పెట్టాల. దీపం పెట్టినాక చేమిరి బయటికి ఎట్లిస్తారే? నువ్వు ఈ ఇంట్లో పుట్టినావా, గాజుగ్లాసులో పుట్టినావా?"

చౌడేశ్వరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొదట నవ్వే వచ్చింది, పొట్ట పట్టుకుని అరుగు మీద కూలబడి నవ్వింది. మూడు నెలలుగా ఉప్పదనం కొలిచింది, సున్నం మార్చింది, గంజి మార్చింది. ఆ పెళ్ళాం సూర్యుడు పూర్తిగా దిగాక గానీ పైకి రాదు, దీపం వెలుగు సోకినా మళ్ళీ లోపలికే. వీధి మొత్తం మర్యాదగా ఎండ ఉండగానే గోకి మొగుళ్ళను మాత్రం పట్టుకుపోయింది! ఎవరూ ఈ సంగతి చెప్పలేదు. అందులో చెప్పాల్సిందేముందని వాళ్ళకు తోచలేదు మరి.

"అయితే తేలిపోయింది. రేపు మాపటికి, బాగా చీకటి పడినాక ఇద్దాం."

"నేను ఇయ్యను" అంది సుంకమ్మ.

"అమ్మా..."

"ఇయ్యనంటే ఇయ్యను. నువ్వూ ఇయ్యొద్దు. ఎవురి చేత్తో పోయినా ఈ ఇంటి నుంచి పోయినట్లే."

ఆ గొంతులో ఎప్పుడూ ఉండే ఎకసెక్కం లేదు. చౌడేశ్వరి నవ్వు ఆగింది. సుంకమ్మ పొయ్యి వైపు తిరిగి, అక్కర్లేకపోయినా పాలు కలుపుతూ చెప్పింది. "నువ్వు హాస్టల్లో ఉంటివి అప్పుడు. ఎదురింటికి కొత్తగా వచ్చిన కోడలు దీపాలు పెట్టినాక ఏడుపు మొహంతో వచ్చి చేమిరి అడిగె. చిన్నపిల్ల కదా అని ఇస్తి. మీ నాయన గూడా ఇయ్యమనె. తెల్లారేసరికి మీ నాయన లేడు."

"అది గుండెపోటు అమ్మా."

"నాకు తెలుసు. డాక్టరు చెప్పినాడు. చదువురాని దానిని గానీ చెవుడు లేదు నాకు." ఆమె గరిటె పక్కన పెట్టింది. "తెలిసినా భయం పోదు చౌడీ. నాకు మిగిలింది నువ్వొక్కదానివే."

మరునాడు చీకటి పడ్డాక చౌడేశ్వరి ఒక్కతే మిద్దె ఎక్కింది. పొర మేలుకుని చెమర్చి ఉంది. గరిటెతో గోకితే ఒక్క నిమిషం పని. పక్క మిద్దెకు పిట్టగోడ మీదుగా చెయ్యి చాపితే చాలు, అమ్మకు తెలియను కూడా తెలియదు. ఆ గరిటె పట్టుకుని చాలాసేపు నిలబడింది. అమ్మకు తెలియకుండా అమ్మ భయాన్ని తొక్కి వెళ్ళడం ఆమె వల్ల కాలేదు. వట్టి గరిటెతోనే దిగి వచ్చింది.

మెట్ల కింద సుంకమ్మ నిలబడి ఉంది. గరిటె వైపు చూసింది. చూసి, లోపలికి పోయి అన్నం వడ్డించింది.

రెండు ముద్దలు తిన్నాక సుంకమ్మ ఉన్నట్టుండి అడిగింది. "ఇంతకూ తప్పు మొబ్బు పడినాక ఇచ్చేదా, దీపం పెట్టినాక ఇచ్చేదా?"

"నాకేం తెలుసమ్మా? నీ శాస్త్రం కదా అది."

"దీపం పెట్టినాక. మా జేజి, మా నాయనమ్మ, గూడా దీపమనే అనేది. మొబ్బు అనలేదు." సుంకమ్మ కళ్ళు వకీలు కళ్ళలా మెరిశాయి. "అయితే దీపమే పెట్టకపోతే?"

"అంటే?"

"ఈధిలో ఒక్క దీపం గూడా పెట్టకుండా, బల్బు గూడా వేయకుండా ఉంటే మొబ్బు పడినా పొద్దుగూకనట్లే లెక్క. చేమిరి అందరికీ చేరినాక అందరం ఒక్కసారి పెట్టుకుందాం. లక్ష్మమ్మ ఒక్కరోజు కాస్త ఆలస్యంగా వస్తే ఏం పోతుంది? రైళ్ళు రావా ఆలస్యంగా?"

చౌడేశ్వరి ఎంగిలి చేత్తోనే తల్లిని కావలించుకుంది. "ఛీ, చెయ్యి కడుక్కోవే!" అని సుంకమ్మ కసిరింది గానీ, విడిపించుకోలేదు.

మరునాడు పొద్దున్నుంచే వీధంతా పెళ్ళివారి హడావుడి. ఇంటింటా గంజి కాచారు. నల్లబడిన పొర గోకి మిద్దెలు కడిగారు, ఆ కడిగిన నీళ్ళను కూడా వృథా పోనీకుండా ఇంకుడు గుంతలోకి మళ్ళించారు. వీధి లైటు ఎట్లా అన్న దగ్గర పెద్ద చర్చ జరిగి, చివరికి నిచ్చెన వేసి దానికి గోనెసంచి తొడిగారు. ఇన్నింటి మధ్య చౌడేశ్వరి కుళ్ళాయప్ప తలుపు తట్టబోతే తాళం కనిపించింది.

"తెల్లారగట్లే ఇద్దరూ బెంగుళూరు పోయినారు" అని ఎవరో చెప్పారు. "ఆ వాచ్‌మెన్ గది చూసుకుని మాపటి రైలుకు వస్తారంట."

సాయంత్రానికి ఫోన్ కలిసి చౌడేశ్వరి సంగతి చెప్తే, ఉలిగమ్మ తిరుగు రైలు చప్పుడులో అరిచి చెప్పింది. "ఖాయం చేసుకున్నాడు చౌడీ! రేపు పొద్దున ఆటో వస్తాది, మగ్గం విప్పుతాడంట. నేను వచ్చేదాకా నా గిన్నె పక్కన పెట్టు!"

సూర్యుడు దిగాడు. తొగటవీధిలో ఒక్క దీపం వెలగలేదు, ఒక్క టీవీ మోగలేదు. నలుపంతా కిందికి దిగి ఆకాశం మాత్రమే కాస్త తెలుస్తోంది. సుంకమ్మ తన మిద్దె మీద మోకాళ్ళ మీద కూర్చుని గోకి గిన్నెలు నింపుతుంటే, అవి పిట్టగోడల మీదుగా ఒక చేతి నుంచి ఇంకో చేతికి సాగిపోయాయి. "ఎవురిది ఈ చెయ్యి?" "నాదే పిన్నీ!" "నీదైతే గాజులేవే?" "మగోన్ని పిన్నీ నేను!" అని చీకట్లో ఒకటే నవ్వులు. చౌడేశ్వరి గోడ గోడకూ తిరుగుతూ "గంజి వేడిగా ఉందేమో చూసుకోండి, చల్లారినాకే కలపండి" అని గొంతు పోయేలా అరిచింది.

ఉలిగమ్మ గిన్నె తప్ప అందరివీ అయిపోయాయి: తాళం వేసిన ఇంటికి చేమిరి పోకూడదని సుంకమ్మ శాస్త్రం, ముందే గోకి ఉంచితే గిన్నెలోనే చచ్చిపోతుందని చౌడేశ్వరి శాస్త్రం. రైలు మాత్రం రాలేదు. ఎక్కడో సిగ్నల్ లేక ఆగిందట. వీధి చీకట్లో కాచుకుంది. ముసలివాళ్ళు గొణిగారు, చంటిబిడ్డలు ఏడ్చారు. "ఎంతసేపని సుంకమ్మా? ఇంట్లో దీపం లేకుండా ఎంతసేపు?" అని ఒకరు, ఇద్దరు, తర్వాత అందరూ అన్నారు. సుంకమ్మ ఆగగలిగినంత ఆగింది. చివరికి తనే దేవుడి గూటి ముందు కూర్చుని వత్తి వెలిగించింది. వెంటనే వీధి పొడుగునా దీపాలు వెలిగాయి. ఎవరో లైటు మీది గోనె కూడా లాగేశారు, దాని వెలుగు కింద వీధి వరకే, మిద్దెల మీద చీకటే.

సరిగ్గా అప్పుడు ఉలిగమ్మ వచ్చింది. స్టేషన్ నుంచి పరిగెత్తినట్టుంది, చెప్పులు చేతిలో ఉన్నాయి. వెలుగుతున్న వీధిని చూసి గుమ్మం బయటే నిలబడిపోయింది. లోపలికి రాలేదు, అడగలేదు. అడగకూడదని ఆమెకూ తెలుసు.

"ఆయప్ప వెనకాల వస్తాండాడు" అంది. "పోనీలే పెద్దమ్మా. రాత ఎట్లుంటే అట్ల అయితాది." అంటూనే మొహం చీర కొంగులో దాచుకుంది.

చౌడేశ్వరి దీపం వైపు చూసింది, తల్లి వైపు చూసింది. మెల్లగా అడిగింది. "అమ్మా, దీపం కొండెక్కించేదా? మళ్ళీ వెలిగించుకుందాం."

"వెలిగే దీపాన్ని ఎవురైనా కొండెక్కిస్తారా?" అంది సుంకమ్మ. గుమ్మం బయట నిలబడిన ఉలిగమ్మ వైపు చూసింది. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "మీ నాయన ఉండి ఉంటే, ఏడుస్తూ వచ్చిన ఆడబిడ్డను వట్టి చేతుల్తో పంపనిచ్చేవాడా? ఆ రోజూ పంపనీలేదు."

ఒక్కతే మిద్దె ఎక్కింది. దిగి వచ్చేసరికి చేతిలో గిన్నె, గిన్నె మీద వెలుగు పడకుండా కొంగు కప్పి ఉంది. ఉలిగమ్మ చేతుల్లో పెట్టి, ఆ చేతుల్ని ఒక్క క్షణం గట్టిగా పట్టుకుంది. "మీ మిద్దె గూడా కడిగి పెట్టినాం, గంజి కాచి ఉంది. బిరీన పో. మొత్తం పూయి. మూలలు మర్చిపోవద్దు."

ఆ రాత్రి పక్క మిద్దె మీద చాలాసేపు చీపురు చప్పుడు వినిపించింది. అలసిపోయిన చౌడేశ్వరి ఎప్పుడు నిద్రపోయిందో ఆమెకే తెలియదు.

మెలకువ వచ్చేసరికి తెల్లవారుతోంది. ముక్కు కింద ఏదో వెచ్చగా తగిలింది. కళ్ళు తెరిస్తే తల్లి అరచెయ్యి. సుంకమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా ఆమె కూతురి ఊపిరి చూసుకుంటూ అట్లాగే కూర్చుందని చౌడేశ్వరికి అర్థమైంది.

"ఉన్నాను లేమ్మా" అంది, ఆ చేతిని రెండు చేతుల్తో పట్టుకుని.

"ఉండక యాడికి పోతావు?" సుంకమ్మ కసిరింది, కసురుతూనే బొటబొటా ఏడ్చింది. "లేసి మొహం కడుక్కో. కాఫీ పెడతా."

ఆమె ఇంకా లేవకముందే పిట్టగోడ అవతలి నుంచి కుళ్ళాయప్ప కేక వీధి చివరిదాకా వినిపించింది. "అత్తా! ఓ సుంకమ్మత్తా! మీగడ కట్టిందే! మూలమూలకూ కట్టింది! ఆ ఆటోవాడు వస్తే పొమ్మని చెప్పండే, నేను మగ్గం కాడ ఉండా!"